శిథిలాలతో చేసిన పేవర్ బ్లాకులు: నాలుగు వానాకాలాల తర్వాత

గేటు నుంచి పెరట్లో నీళ్లతొట్టి దాకా మా ఇంటి చుట్టూ పరిచినవన్నీ కూల్చిన కట్టడాల శిథిలాలతో చేసిన బ్లాకులే. 2021 డిసెంబర్‌లో వేయించాం. బలం గురించి నాకు ఫిర్యాదు లేదు. కారు రోజూ ఎక్కి దిగే చోట కూడా ఒక్కటీ విరగలేదు. నా బాధంతా నీళ్ల గురించే. ఇవి నీళ్లు తాగుతాయి. తాగినవి తొందరగా వదలవు.

ఇవే కావాలని పట్టుబట్టింది నేనే. పాత ఇల్లు కూల్చినప్పుడు మట్టీ ఇటుక ముక్కలూ ఎత్తుకెళ్లిన ట్రాక్టర్ వాటిని మా కాలనీ వెనక చెరువు గట్టునే పోసింది. పొద్దున వాకింగ్‌కి వెళ్తే మా వంటగది నీలం టైల్స్ ముక్కలు కనపడేవి. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది. 2020లోనే హైదరాబాద్ జీడిమెట్లలో రోజుకు 500 టన్నుల శిథిలాలను మళ్లీ కంకరగా, ఇసుకగా మార్చే ప్లాంటు మొదలైంది. ఆ వార్త గుర్తుండి, మన ఇంటికీ అలాంటి సరుకే వాడదామన్నాను. కొన్నది మాత్రం అక్కడ కాదు, ఊరి బయట ఒక చిన్న తయారీదారు దగ్గర.

మొదటి ఏడాది అడిగినవాళ్లందరికీ 'మామూలు వాటికీ వీటికీ తేడా లేదు' అని చెప్పాను. నా మాట మీద ఇద్దరు చుట్టాలు వేయించుకున్నారు కూడా. ఇప్పుడైతే ఆ మాట అంత ధైర్యంగా అనలేను.

2023 జులైలో ముసురు పట్టింది. వాన వెలిసి రెండు రోజులైనా, వాకిలి ఆరిపోయినా, తొట్టి పక్కన సన్నజాజి పందిరి కింద మాత్రం బ్లాకులు తడి తడిగానే ఉన్నాయి. వాటి మీద పల్చగా పాచి. అమ్మ పూలు కోయడానికి వెళ్లి జారింది. పందిరి గుంజ దొరికింది కాబట్టి సరిపోయింది, మణికట్టు బెణికి మూడు వారాలు కట్టుతో ఉంది. ఆమెకు 71 ఏళ్లు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బ్లీచింగ్ పౌడర్ చల్లి వైరు బ్రష్‌తో రుద్దాను. నెల తిరక్కుండానే మళ్లీ పట్టింది.

మేస్త్రీని పిలిపించాను. గునపంతో ఒకటి లేపుతుంటే మూల పెచ్చు ఊడింది. పైన సన్నగా నున్నటి బూడిద రంగు పొర, దాని కింద చింతగింజంత ఎర్రటి ఇటుక ముక్కలు, పాత సిమెంటు అంటుకున్న కంకర. "ఇటుక కలిసింది మేడమ్, పీల్చక ఏం చేస్తుంది?" అన్నాడు.

ఆ మాట తేల్చుకోవాలనిపించింది. ఆ పక్కదే, పెచ్చు ఊడని బ్లాకును ఎండాకాలంలో వారం రోజులు డాబా మీద ఉంచి, వంటింటి కాటా మీద తూచాను: 3,400 గ్రాములు. బకెట్ నీళ్లలో ఒక రోజంతా ముంచి, పైన తుడిచి తూస్తే 3,690. అంటే ఎనిమిదిన్నర శాతం. పేవర్ బ్లాకుల భారతీయ ప్రమాణం ఐఎస్ 15658 ప్రకారం పీల్చే నీళ్లు సగటున 6 శాతం దాటకూడదు. ల్యాబ్‌లో అయితే ఓవెన్‌లో ఆరబెడతారు. అలా ఆరబెడితే నా లెక్క ఇంకా పెరిగేదే గానీ తగ్గేది కాదు.

ఇది శిథిలాల తప్పు అనను. ఇటుకనూ కాంక్రీటునూ వేరు చేయకుండా కలిపి ఆడించిన వాళ్ల తప్పు. విడిగా తీసిన కాంక్రీటు కంకర కూడా, పాత సిమెంటు అంటుకుని ఉంటుంది కాబట్టి, కొత్త కంకర కంటే ఎక్కువే పీలుస్తుంది. కానీ ఇంత కాదు. మా బావగారు ఈ కంకర స్లాబులో వేయొచ్చా అని అడిగితే తొందరపడొద్దన్నాను. కంకర, ఇసుకల ప్రమాణం ఐఎస్ 383 కూడా ఆర్‌సీసీలో (ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటులో) 20 శాతం దాకానే, అదీ ఎం25 బలం గ్రేడు వరకే ఒప్పుకుంటుంది.

తొట్టి చుట్టూ లేపించి గరుకు బండలు వేయించాను. గేటు వైపు అలాగే ఉంచాను. అక్కడ మధ్యాహ్నం దాకా ఎండ పడుతుంది, పాచి మాటే లేదు. మాది ఒక్క కారు, బరువు బండ్లు రావు. ఇంట్లో పెద్దవాళ్లు లేకపోతే, తొట్టి నీడలో లేకపోతే, నేను ఇదంతా రాసేదాన్నే కాదేమో. మళ్లీ కొంటారా అంటే, ఎండ తగిలే చోటికి కొంటాను, బలం రిపోర్టుతో పాటు నీళ్ల రిపోర్టు కూడా అడిగి. అది చూపించకపోతే ఒక బ్లాకు ఇంటికి తెచ్చుకుని ముందు బకెట్‌లో వేస్తాను.