ఆరేళ్ల పెట్రోలు లెక్క: ఒక గాలి గేజీ, ఒక కాలి పంపు, ఒక నోటు పుస్తకం

కాకినాడ నుంచి పెద్దాపురానికి రానుపోను సుమారు 40 కిలోమీటర్లు. 2019 జూన్‌లో కొన్న 110 సీసీ స్కూటరు మీదనే ఆరేళ్లకు పైగా ఆ దారిలో ఉద్యోగానికి వెళ్లి వస్తున్నాను. నెలకు 1000 కిలోమీటర్లు తిరిగే బండి పెట్రోలుకు అవుతున్న ఖర్చు ఇంటి పాల ఖర్చును దాటిపోయిందని గమనించి, ఆ ఏడాది డిసెంబరులో 300 రూపాయలు పెట్టి టైర్లలో గాలి కొలిచే గేజీని, 750 రూపాయలు పెట్టి కాలితో తొక్కే పంపును కొన్నాను. లెక్క రాసుకోవడానికి ఒక నోటు పుస్తకం కేటాయించాను. ఈ మూడింటి గురించే ఈ సమీక్ష.

ముందుగా పుస్తకం సంగతి చెప్పాలి, ఎందుకంటే అది లేకపోతే మిగిలిన రెండూ పనిచేస్తున్నాయో లేదో తెలియదు. ప్రతిసారీ ఒకే బంకులో, నాజిల్ దానంతట అది ఆగేవరకు ట్యాంకు నింపించి, మీటరు అంకెను, పోసిన లీటర్లను రాసుకుంటాను. మళ్లీ నింపినప్పుడు తిరిగిన దూరాన్ని పోసిన లీటర్లతో భాగిస్తే మైలేజీ వస్తుంది. ఒక్క ట్యాంకు లెక్క నమ్మదగినది కాదు, నాలుగింటి సగటు చూడాలి. తొలి నెలల సగటు లీటరుకు 43 కిలోమీటర్లు.

నా బండికి కంపెనీ చెప్పిన గాలి ముందు టైరుకు 22 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం), వెనుక టైరుకు ఒక్కరమే అయితే 29, ఇద్దరమైతే 36. గేజీ కొన్న ఉదయం కొలిస్తే వెనుక టైరులో ఉన్నది 19 మాత్రమే. పది రోజుల ముందే పంచరు షాపులో గాలి కొట్టించుకున్నాను గనుక టైరు బాగానే ఉందనుకుంటున్నాను. బొటనవేలితో నొక్కి చూస్తే గట్టిగానే తగిలింది కూడా. గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టుకూ ఎక్కువగా నలుగుతుంది, ఆ నలుగుడుకు కావలసిన శక్తి పెట్రోలు నుంచే రావాలి. ప్రతి ఆదివారం ఉదయం, బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలిచి నింపడం మొదలుపెట్టాక సగటు 47కు చేరింది. మరే మార్పూ చేయకుండా వచ్చిన తేడా ఇది. వేడెక్కిన టైరును కొలిస్తే గేజీ రెండు మూడు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది కాబట్టి, దారిలో బంకు దగ్గర ఆగి సరిచూసుకోవడం అంత ఉపయోగకరం కాదు.

ఆ తరువాత సగటు 47 నుంచి 50కి పెరిగింది నడిపే తీరు మార్చుకోవడం వల్ల. వేగం పెరిగేకొద్దీ గాలి నిరోధం వేగం వర్గానికి అనుపాతంగా పెరుగుతుంది. అందుకే 65 మీద పోయే అలవాటు మానుకుని 45, 50 మధ్య నిలకడగా వెళ్తున్నాను. దానివల్ల పెద్దాపురం చేరడానికి పట్టే అదనపు సమయం ఆరేడు నిమిషాలే. సిగ్నల్ దగ్గర ఎక్కువసేపు ఆగవలసి వస్తే ఇంజను ఆపేస్తాను.

2022లో ఒక సర్వీసింగ్ తరువాత సగటు ఉన్నట్టుండి మూడు కిలోమీటర్లు పడిపోయింది. పుస్తకం చూసే ఆ సంగతి గుర్తుపట్టాను. సెంటర్ స్టాండ్ వేసి చక్రం చేత్తో తిప్పితే వెంటనే ఆగిపోయింది, బ్రేకు బిగించి వదిలేశారన్నమాట. దాన్ని వదులు చేయించాక అంకె మళ్లీ యథాస్థానానికి వచ్చింది.

పనికిరానివి కూడా చెప్పాలి. పెట్రోలులో కలిపే ద్రావణాన్ని మూడు నెలలు వాడి చూశాను, సగటు కదలలేదు. ఎక్కువ ధరకు అమ్మే 95 ఆక్టేన్ ప్రీమియం పెట్రోలు పోయించినా అంతే. తెల్లవారుజామున పోయిస్తే ఎక్కువ వస్తుందన్న మాటలోనూ పస లేదు, భూమిలోని ట్యాంకు ఉష్ణోగ్రత ఉదయానికీ మధ్యాహ్నానికీ పెద్దగా మారదు.

మా ప్రాంతంలో ఎప్పుడూ నడిచే చర్చ యానాం పెట్రోలు. యానాం పుదుచ్చేరి పాలనలో ఉన్నందున అక్కడి పన్ను తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం వ్యాట్, దానిమీద లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, రూపాయి రోడ్డు సెస్సు ఉన్నాయి. అందువల్ల లీటరుకు పది రూపాయలకు పైగా తేడా ఉంటుంది. అయితే 5.3 లీటర్ల ట్యాంకులో నాలుగున్నర లీటర్లు పోయిస్తే మిగిలేది యాభై రూపాయల చిల్లర. కాకినాడ నుంచి వెళ్లి రావడానికి అయ్యే 60 కిలోమీటర్లకు 130 రూపాయల పెట్రోలు కాలుతుంది. అక్కడ ఉన్న మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు మాత్రం తిరుగు ప్రయాణంలో తప్పకుండా నింపించుకుంటాను.

20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు అన్ని బంకులకూ వచ్చాక నా సగటు 50 నుంచి 48కి దిగింది. పాత ద్విచక్ర వాహనాలకు 3, 4 శాతం తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే ఉంది, నా పుస్తకంలోని తేడా దానికి సరిపోయింది. దీనికి గాలి గేజీతో విరుగుడు లేదు.

వస్తువుల మన్నిక విషయానికి వస్తే, గేజీ మూతి దగ్గర రబ్బరు వాషరు రెండేళ్లకు అరిగి గాలి వదిలేయసాగింది, పది రూపాయల వాషరుతో సరిపోయింది. పంపు గొట్టం నాలుగో ఏడు పగిలింది. గొట్టం విడిగా దొరకక 200 రూపాయలిచ్చి అతికించుకోవలసి వచ్చింది. పంపు మీద ఉండే ముల్లును నమ్మవద్దు, నాది మొదటి నుంచీ నాలుగు పీఎస్‌ఐ ఎక్కువ చూపేది. 43కు, 50కి మధ్య తేడా నెలకు మూడు లీటర్లకు పైనే గనుక పెట్టిన డబ్బు నాలుగైదు నెలల్లోనే తిరిగి వచ్చింది. నెలకు 200 కిలోమీటర్లు కూడా తిరగని వారికి పంపు అవసరం లేదు, గేజీ ఒక్కటి కొనుక్కుని గాలి మాత్రం ఇంటి దగ్గరి పంచరు షాపులో కొట్టించుకుంటే చాలు.