ఖాళీ అయిన పదవి: లోపలివారికి పదోన్నతా, బయటి నియామకమా?

ఖర్చు చూస్తే పదోన్నతే తేలిక. ప్రకటనలు, ఇంటర్వ్యూలు, కొత్తవారు పని అందుకునేదాకా పట్టే నెలలు బయటి నియామకానికి తప్పవు. అయితే పదోన్నతితో ఖాళీ తీరదు, ఒక మెట్టు కిందికి జరుగుతుంది. ఈ సంగతిని చాలామంది లెక్కలోకి తీసుకోరు.

రిస్కు రెండింటా ఉంది. లోపలివారి పనితీరు కళ్లెదుటే ఉన్నా, లెక్కలు చక్కగా రాసే గుమాస్తా పదిమంది చేత అలా రాయించగలడన్న హామీ లేదు. బయటివారి విషయంలో గంటసేపటి ఇంటర్వ్యూ, పాత యజమాని మాటే ఆధారం. పైగా ఆ పదవికై ఎదురుచూసిన ఉద్యోగి మనసు విరిగి వెళ్లిపోవచ్చు, కాబట్టి కారణాన్ని ముందుగానే అతనికి ముఖాముఖి చెప్పడం న్యాయం.

నడుస్తున్న పద్ధతి బాగుండి, అదే కొనసాగాలంటే పదోన్నతి మేలు. సంస్థలో ఎవరికీ లేని నైపుణ్యం కావాలన్నా, పాతుకుపోయిన తీరు మార్చాలన్నా బయటివారిని తీసుకోవాలి.