జీడి బంక శుద్ధికి ఏ కాలమ్ మేలు?

పలాస, వజ్రపుకొత్తూరు, మందస వైపు జీడి తోటల్లో బెరడు దెబ్బతిన్న చోట తేనెరంగు బంక కారి గడ్డకడుతుంది. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు మంచి సరుకు. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, గుడ్డలో వడకట్టి, మూడింతల ఆల్కహాల్ పోస్తే పాలీశాకరైడ్ (పొడవాటి చక్కెరల గొలుసు) తెల్లటి పోగుల్లా తేలుతుంది. అసలు చిక్కు ఆ తర్వాతే: దాన్ని శుద్ధి చేయడానికి పూసలు నింపిన గొట్టం, అంటే కాలమ్, ఎంచుకోవాలి. ఆవేశాన్ని బట్టి విడదీసేది ఒకటి, సైజుని బట్టి విడదీసేది ఇంకొకటి. డీఈఏఈ అయాన్ ఎక్స్ఛేంజ్‌కి పోవాలా, జెల్ ఫిల్ట్రేషన్‌కా?

బంకకైతే ముందు డీఈఏఈ అనే నేనంటాను. ఇందులో గెలాక్టోజ్ ఎక్కువ, అరాబినోజ్, గ్లూకోజ్, రామ్నోజ్‌తో పాటు గ్లూకురోనిక్ ఆమ్లం కూడా ఉంటుంది. ఆ ఆమ్లం వల్ల గొలుసుకు రుణావేశం వస్తుంది. కాలమ్‌కి ధనావేశం కాబట్టి పట్టుకుంటుంది. ఆవేశం లేని భాగం బఫర్‌తోనే (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం) బయటికి వచ్చేస్తుంది, పట్టుకున్నది సోడియం క్లోరైడ్ గాఢత పెంచుతూ పోతే దిగుతుంది. ఉప్పు లేకుండా డయాలిసిస్ చేసి (సన్నటి పొర గుండా ఉప్పును బయటికి పంపి) ఉంటే, ద్రావణం ఎంత పలచగా, ఎంత ఎక్కువగా ఉన్నా, అందులోని బంక కాలమ్ పట్టుకోగలిగినంత లోపు ఉంటే లోడ్ చేయొచ్చు. ఒక్క ఇబ్బంది: బెరడులోని టానిన్లు గట్టిగా అంటుకుని కాలమ్‌ పైభాగం గోధుమరంగుకి తిరుగుతుంది. పని అయ్యాక పలచటి సోడియం హైడ్రాక్సైడ్‌తో కడగాల్సిందే.

జెల్ ఫిల్ట్రేషన్‌ని 1959లో స్వీడన్‌లో పొరాత్, ఫ్లోడిన్ వెలుగులోకి తెచ్చారు. జల్లెడలో చిన్నవి ముందు పడతాయి, ఇక్కడ అందుకు తలకిందులు. చిన్న అణువులు పూసల రంధ్రాల్లోకి దూరి ఆలస్యంగా వస్తాయి, పెద్దవి ముందే దిగిపోతాయి. శాంపిల్ కాలమ్ పరిమాణంలో 5 శాతం దాటకూడదు, చిక్కటి బంకకి ఇంకా తగ్గించాలి. లేకపోతే పీక్ (గ్రాఫ్ మీద వచ్చే శిఖరం) వంకరపోతుంది. పైగా ఒకే సైజున్న ఆమ్ల గొలుసు, తటస్థ గొలుసు రెండూ ఒకే పీక్‌లో కలిసి వస్తాయి. ఆ ఒక్క పీక్ చూసి "శుద్ధమైంది" అని రికార్డులో రాసేస్తే పొరపాటే.

అదే చోడి (రాగి) పిండిలోని స్టార్చ్ అయితే నా తీర్పు మారుతుంది. దానికి చెప్పుకోదగ్గ ఆవేశం లేదు, మామూలు పీహెచ్‌లో డీఈఏఈ మీద నిలవదు. సెఫరోస్ సీఎల్-2బీ లాంటి జెల్ మీద స్టార్చ్‌లోని పెద్ద గొలుసు అమైలోపెక్టిన్ ముందు, చిన్నదైన అమైలోజ్ తర్వాత వస్తాయి.

ఖరీదైన హెచ్‌పీఏఈసీ (అధిక పీడనంతో నడిచే అయాన్ ఎక్స్ఛేంజ్) యంత్రం ఆమ్లంతో విడగొట్టిన చక్కెరలను లెక్కపెట్టడానికి బాగుంటుంది, బంకను పోగుచేయడానికి కాదు.

ఏ కాలమైనా, చక్కెరలు 280 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిలో కనిపించవు. కాలమ్ నుంచి దిగిన ద్రవాన్ని పట్టిన ప్రతి గొట్టంలోంచి కొంచెం తీసి ఫినాల్-సల్ఫ్యూరిక్ ఆమ్ల పరీక్ష చేసి, వచ్చిన రంగుని 490 నానోమీటర్ల దగ్గర చదవాలి. కాలమ్‌లో నింపే డీఈఏఈ సెల్యులోజ్, సెఫాడెక్స్ జెల్ కూడా చక్కెరలతో చేసినవే. కాలమ్ నుంచి కొంచెం రాలినా రంగు వస్తుంది. శాంపిల్ వేయకముందు వచ్చే బఫర్‌ని బ్లాంక్‌గా (పోల్చడానికి) తప్పక చదవండి.

మన ఎండల్లో కాలమ్‌కి బూజు త్వరగా పడుతుంది. నిల్వకి 20 శాతం ఆల్కహాల్ వాడండి. సోడియం ఎజైడ్ వద్దు, ఆమ్లం తగిలితే విషవాయువు వస్తుంది.

రెండు కాలమ్‌లూ ఉంటే డీఈఏఈ తర్వాత జెల్ పెట్టండి, ఉప్పు చివర్లో విడిగా దిగిపోతుంది. ఒక్కటే కొనగలిగితే, బంక మీద పని చేసేవాళ్ళు డీఈఏఈ, స్టార్చ్ మీద పని చేసేవాళ్ళు జెల్ తీసుకోండి.