పదిహేనేళ్ల ఇన్నోవా: పేరు ఎంత, బండి ఎంత

మా ఇన్నోవాకు పదిహేనేళ్లు నిండాయి. రవాణా కార్యాలయంలో బండి చూపించి, గ్రీన్ ట్యాక్సు కట్టి, రిజిస్ట్రేషన్ మరో అయిదేళ్లకు పొడిగించుకున్నాను. ‘‘ఇంకా ఎందుకండీ దాన్ని మోయడం, రేటు ఉన్నప్పుడే అమ్మేయండి’’ అని సలహా ఇచ్చినవాళ్లు చాలామంది. అదే నోటితో ‘‘అమ్మేటప్పుడు మాత్రం ముందు నాకే చెప్పండి’’ అన్నవాళ్లు వాళ్లలో కొందరు. మీటరు మూడు లక్షల కిలోమీటర్లకు చేరువైన పాత డీజిల్ బండికి ఇంత గిరాకీ ఎందుకు? అందులో బండి గొప్ప ఎంత, ముందు మెరిసే టయోటా గుర్తు గొప్ప ఎంత? ఇన్నాళ్లు నడిపి, బాగు చేయించి, ఆ కంపెనీ చరిత్ర కూడా ఓపిగ్గా చదివాక నాకు తేలిన లెక్క చెబుతాను.

మాది 2010 బండి. రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజిన్, అయిదు గేర్లు, 102 హార్స్‌పవర్. ఆ చివరి అంకె అప్పటికే చిన్నది. తర్వాత వచ్చిన ఇన్నోవా క్రిస్టా 2.4 లీటర్లతోనే 150 ఇచ్చింది. కానీ ఈ బండి ఆయుష్షంతా ఆ చిన్న అంకెలోనే ఉందని నా నమ్మకం. అంత ఇంజిన్‌ను పిండకుండా, దాని చేతనైన దానికంటే తక్కువ పనే అప్పగించారు. కింద లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ అనే ఇనప చట్రం, దాని మీద బాడీ. ఇంజిన్ బలం వెళ్లేది వెనక చక్రాలకు. వెనక డ్రమ్ బ్రేకులే. కొత్తదనం ఎక్కడా కనిపించదు. అప్పటికే వాడి, అరగదీసి, మంచీ చెడూ తెలుసుకున్న వస్తువులతో కట్టిన బండి. దీన్ని పిసినారితనం అనవచ్చు, జాగ్రత్త అనవచ్చు. నేను రెండూ అంటాను.

బండి నిండా బంధువులు, డిక్కీ నిండా సామాను, ఏసీ ఆపకుండా తిరుమల రెండో ఘాట్ ఎక్కినప్పుడు నేను ఎప్పుడూ చూసేది ఉష్ణోగ్రత ముల్లును. ఎండాకాలంలోనూ అది సగం దగ్గర నుంచి కదలదు. ఎక్కేటప్పుడు పరుగు లేదు, మలుపుల్లో చురుకు లేదు, కానీ గుండె దడ కూడా లేదు. ఖాళీగా వెళ్తే ఈ రకం బండ్ల వెనక భాగం గంతులేస్తుంది, నలుగురైదుగురు ఎక్కితే నేలకు కుదురుకుంటుంది. మధ్య వరుస రాజుగారి సింహాసనం, చివరి వరుస పిల్లలకు మాత్రమే. పెద్దవాళ్లు కూర్చుంటే మోకాళ్లు గడ్డం దాకా వస్తాయి. మైలేజీ ఊళ్లో పది, హైవే మీద పన్నెండు పదమూడు. అంతకు మించి వస్తుందని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకుంటాను.

ఖర్చు సంగతి. క్లచ్ ప్లేటు, సస్పెన్షన్ బుష్‌లు, బ్యాటరీలు, టైర్లు, ఇవన్నీ అరిగే వస్తువులే, అరిగాయి, మార్చాం. టైమింగ్ బెల్టును గడువు రాకముందే మార్పించాను. అది తెగితే లోపల వాల్వులూ పిస్టన్లూ గుద్దుకుని ఇంజిన్ మొత్తం విప్పాల్సి వస్తుంది కాబట్టి అక్కడ బేరాలు పనికిరావు. ఒక విడిభాగాల దుకాణంలో ఒరిజినల్ అని చెప్పి అంటగట్టిన క్లచ్ ప్లేటు ఏడాది తిరక్కుండానే జారడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి డబ్బా, ముద్ర, బిల్లు మూడూ చూసి గానీ సామాను కొనను. ఎక్కువ అమ్ముడుపోయే బండికి నకిలీ సామాను కూడా ఎక్కువే తయారవుతుంది. ఇంజిన్‌ను మాత్రం ఇప్పటిదాకా విప్పలేదు.

ఒకసారి ఒంగోలు దాటి నెల్లూరు వైపు వెళ్తూ హైవే పక్కన ఏదో బంకులో డీజిల్ పోయించాం. కాసేపటికి డీజిల్ ఫిల్టర్ లైటు వెలిగింది. పరుగులో తేడా లేదు, కుదుపు లేదు, పొగ లేదు. అయినా మా డ్రైవరు బండిని పక్కకు తీసి ఆపాడు. బోనెట్ ఎత్తి, ఫిల్టర్ అడుగున ఉన్న ప్లాస్టిక్ మరను వేళ్లతో వదులు చేసి, కింద ఖాళీ నీళ్ల సీసా పట్టాడు. మొదట నీళ్లు కారాయి. తర్వాత నీళ్లూ డీజిలూ కలిసి పాలిపోయిన రంగులో, చివరికి శుభ్రమైన డీజిల్. మర బిగించి, ఫిల్టర్ నెత్తిన ఉండే చేతి పంపును గట్టిపడేదాకా బొటనవేలితో నొక్కాడు. తాళం తిప్పితే లైటు ఆరిపోయింది. ‘‘ఈ నీళ్లు లోపలికి పోతే ఇంజెక్టర్లు పోయేవి సార్, పెద్ద ఖర్చు. బండి ముందే చెప్పింది, మనం ఆగాం’’ అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

ఇలాంటి లైటు ఇతర కంపెనీల డీజిల్ బండ్లకూ ఉంటుంది, ఇది టయోటా సొత్తేమీ కాదు. కానీ తప్పు జరగగానే యంత్రమే ఆగాలి, లేదా ఆపమని చెప్పాలి అన్న పట్టుదల ఆ కంపెనీకి కార్ల కంటే ముందే వచ్చింది. మగ్గం దగ్గర వచ్చింది.

టయోటాకు మూలపురుషుడు సకిచి టయోడా వడ్రంగి కొడుకు. 1867లో షిజువొకా ప్రాంతంలోని ఒక పల్లెలో పుట్టాడు. చేతి మగ్గాన్ని మెరుగుపరచడంతో మొదలుపెట్టి, 1924 నాటికి పూర్తిగా తనంతట తాను నడిచే మగ్గాన్ని తయారు చేశాడు. పేక నూలు అయిపోవస్తే ఆగకుండానే నాడె మారేది. నూలు తెగితే మాత్రం మగ్గం దానంతటదే ఆగిపోయేది. మంగళగిరిలోనో సిరిసిల్లలోనో మగ్గాల మధ్య తిరిగినవారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. పడుగులో ఒక పోగు తెగినట్టు చూసుకోకపోతే గజాల కొద్దీ బట్టలో చార పడుతుంది. ఆగే మగ్గం ఉంటే ఒక మనిషి ముప్పై మగ్గాలైనా చూసుకోగలడు. 1926లో ఆ మగ్గాల కోసమే ఒక కంపెనీ పెట్టారు. 1929లో ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ ఆ పేటెంట్ హక్కులను లక్ష పౌండ్లకు కొనుక్కుంది. నేత యంత్రాలకు పుట్టిల్లయిన దేశం జపాను మగ్గానికి డబ్బు కట్టింది.

కార్ల పిచ్చి కొడుకు కిచిరోది. మగ్గాల కంపెనీలోనే 1933లో కార్ల విభాగం తెరిపించాడు. 1937లో టయోటా మోటార్ విడిగా ఏర్పడింది. ఈ చరిత్రలో నాకు బాగా నచ్చేది ఏమిటంటే, 1935లో అమ్మకానికి వచ్చిన వాళ్ల మొదటి లారీ జీ1 దారి పొడుగునా ఆగిపోయే బండి. కొన్నవాళ్ల దగ్గరికి పరుగెత్తి బాగు చేసి ఇవ్వడమే కంపెనీ పని అయిపోయింది. 1957లో క్రౌన్ కారును అమెరికాకు పట్టుకెళితే అక్కడి హైవేల వేగానికి అది తట్టుకోలేక పరువు పోయింది. 1950లో అప్పులు, ఉద్యోగాల కోత, పెద్ద సమ్మె, కిచిరో రాజీనామా. అదే ఏడు కొరియా యుద్ధం వచ్చి అమెరికా సైన్యం లారీలు కొనడంతో ఊపిరి అందింది. చెడిపోని బండ్ల కంపెనీ అన్న పేరు పుట్టుకతో వచ్చింది కాదన్నమాట.

ఆ పేరు సంపాదించింది ఫ్యాక్టరీ అంతస్తులో. తైచి ఒనో అనే ఇంజినీరు మగ్గం సూత్రాన్ని కార్ల ఫ్యాక్టరీకి తెచ్చాడు. లోపం కనిపిస్తే కూలీ అయినా సరే తాడు లాగి మొత్తం వరుసను ఆపవచ్చు. ఎందుకు జరిగిందో అయిదుసార్లు అడగాలి. కావలసిన సామాను కావలసిన వేళకే రావాలి, గోదాముల్లో పేర్చకూడదు. ఈ చివరిదానికి తిప్పలు లేకపోలేదు. 1997 ఫిబ్రవరిలో కరియాలో ఐసిన్ అనే సరఫరాదారు ఫ్యాక్టరీలో మంటలు లేచి బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వు దొరక్క టయోటా జపాను ఫ్యాక్టరీలన్నీ దాదాపు ఆగిపోయాయి. అయినా కొద్ది రోజుల్లోనే సరఫరాదారులంతా తలా కొన్ని వాల్వులు చేసిపెట్టి నడిపించారు.

మన దగ్గర ఈ పేరు తెచ్చింది మాత్రం ఒనో కాదు, ప్రకటనలూ కాదు, కిరాయి డ్రైవర్లు. కిర్లోస్కర్‌తో కలిసి బెంగళూరు దగ్గరి బిడదిలో ఫ్యాక్టరీ పెట్టి, 2000లో క్వాలిస్‌ను దింపారు. ఇండోనేషియాలో అప్పటికే పాతబడిన కిజాంగ్ బండి అది. చూడ్డానికి డబ్బాలా ఉందని నవ్వినవాళ్లు నవ్వారు. హైదరాబాదు హైటెక్ సిటీ కాల్ సెంటర్ల వాళ్లు రాత్రీ పగలూ షిఫ్టులకు తిప్పారు, తిరుపతి ట్రావెల్స్ వాళ్లు కొండ ఎక్కించారు, దించారు. మాకు బండి కొనాలన్న ఆలోచన వచ్చినప్పుడు నాన్నగారు ఏ షోరూముకూ వెళ్లలేదు. విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ భాయ్‌ను అడిగారు. ‘‘ఏ బండి తీసుకోమంటావు?’’ అంటే, ఆయన చేతిలో పాన తిప్పుతూ, ‘‘నా దగ్గరికి తక్కువగా వచ్చే బండి కావాలా, ఎక్కువగా వచ్చేది కావాలా పెద్దాయనా?’’ అన్నాడట. అంతకంటే మంచి సమీక్ష నేను రాయలేను. క్వాలిస్ బాగా అమ్ముడవుతున్నప్పుడే ఆపేసి 2005లో ఇన్నోవా తెచ్చారు. అప్పుడు అదేం తెలివి అన్నారు అందరూ. తర్వాత కాలంలో పెళ్లివారికీ, ఎమ్మెల్యేలకూ, గల్ఫ్ నుంచి వచ్చే కొడుకు కోసం విమానాశ్రయానికి వెళ్లే తల్లిదండ్రులకూ అదే బండి.

ఇక పేరుకు పడిన మచ్చలు. మేము బండి కొన్న ఏడే అమెరికాలో టయోటా పరువు బజారున పడింది. నేల పరుపు ఇరుక్కుని, యాక్సిలరేటర్ పెడల్ అంటుకుపోయి కార్లు ఆగకుండా దూసుకుపోతున్నాయన్న ఆరోపణలతో లక్షల కార్లను వెనక్కి పిలిపించారు. 2010 ఫిబ్రవరిలో సకిచి మునిమనవడు అకియో టయోడా అమెరికా కాంగ్రెస్ ముందు కూర్చుని, మేము పెరిగిన వేగం అతి అయిందేమో అని ఒప్పుకున్నాడు. ఎలక్ట్రానిక్స్‌లో దోషం ఏమీ కనిపించలేదని నాసా పరిశీలన తేల్చింది. కానీ తెలిసిన విషయాన్ని దాచినందుకు 2014లో 120 కోట్ల డాలర్లు కట్టారు. యంత్రంలో లోపం వస్తే నేను సర్దుకుంటాను. దాచడం దగ్గరే నాకు కోపం. తప్పును దాచకుండా ఆగే మగ్గంతో మొదలైన వంశం కదా అది.

అంతకంటే దగ్గరగా తగిలింది 2024 జనవరి. డీజిల్ ఇంజిన్ల శక్తి పరీక్షలో, అమ్మే బండ్లలో వాడని సాఫ్ట్‌వేర్ పెట్టి ఫలితాలు నునుపుగా చూపించారని బయటపడింది. మన దేశంలోనూ క్రిస్టా, ఫార్చ్యూనర్, హైలక్స్ పంపిణీ కొన్నాళ్లు ఆపారు. చేసింది ఎవరనుకున్నారు? టయోటా ఇండస్ట్రీస్. 1926లో సకిచి పెట్టిన ఆ మగ్గాల కంపెనీయే. అంతకు ముందు నెలలోనే, టయోటా చేతిలో ఉన్న చిన్న కార్ల కంపెనీ డైహట్సు దశాబ్దాలుగా భద్రతా పరీక్షల్లో అక్రమాలు చేసిందని తేలింది. ఇంజిన్లు నిజంగా పనికిరానివని ఎవరూ అనలేదు, శక్తి చెప్పినంత ఉందనే కంపెనీ మాట. అయినా తాడు లాగవలసిన మనిషి ఎందుకు లాగలేదు? కార్మికుడి మాటకు అంత విలువ అని చెప్పుకునే కంపెనీ, బిడదిలో 2014లోనూ 2020లోనూ గేట్లకు తాళం వేసి లాకౌట్ ప్రకటించిన సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

మన కొనుగోలుదారుడికి మరో చురక. తొలి ఇన్నోవా చవక రకాల్లో ఎయిర్‌బ్యాగులే ఉండేవి కావు. అడిగినవాడూ లేడు, ఇచ్చినవాడూ లేడు. పేరు మీద బండి అమ్ముడుపోతుంటే ఇవ్వడానికి తొందరేముంది? ఇప్పుడు గ్లాంజా, రూమియన్, టైజర్ అంటూ సుజుకీ బండ్లకు టయోటా గుర్తు పెట్టి అమ్ముతున్నారు. అవి చెడ్డ బండ్లు కావు. కానీ నేను ఇందాక చెప్పిన ఇంజిన్, ఛాసిస్ కథకూ వాటికీ సంబంధం లేదు. గుర్తు చూసి మా బండి అనుభవాన్ని వాటికి అంటగట్టకండి.

కాబట్టి నా లెక్క: పాత ఇన్నోవా మీద చెల్లించే రేటులో మూడు వంతుల్లో రెండు బండివి, మిగిలినది పేరుది. పాతది కొనేవారు కిలోమీటర్ల అంకెను నమ్మవద్దు, ట్రావెల్స్ బండ్లకు మీటరు వెనక్కి తిప్పడం మామూలు. సర్వీసు పుస్తకం అడగండి, టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో అడగండి, పొద్దున్నే చల్లటి ఇంజిన్‌ను మీరే స్టార్ట్ చేయండి, కింద పడుకుని ఛాసిస్‌కు తుప్పు పట్టిందేమో చూడండి. సముద్రం పక్క ఊళ్ల బండి అయితే ఆ చివరిది తప్పనిసరి.

ఇంట్లో పిల్లలు కొత్త ఇన్నోవా హైక్రాస్ కొందాం అంటున్నారు. అందులో పెట్రోలు ఇంజిన్, పక్కన హైబ్రిడ్ బ్యాటరీ, విడి ఛాసిస్ లేదు, బలం ముందు చక్రాలకు. నా బండిని ఇన్నాళ్లు నిలబెట్టిన వాటిలో ఒక్కటీ అందులో లేదు. నెమ్మదిగా, సుఖంగా ఉంది, మైలేజీ బాగుంది, నడిపి చూశాను. తిరుపతి ట్రావెల్స్ వాళ్లు మూడేసి లక్షల కిలోమీటర్లు తిప్పాక ఆటోనగర్ వెళ్లి భాయ్‌ను అడుగుతాను.