స్కైడైవింగ్ చేసేవాళ్ల లైఫ్ ఇన్సూరెన్స్: మినహాయింపా, అదనపు ప్రీమియమా?

విమానంలోంచి పారాచూట్‌తో తరచూ దూకేవాళ్లకు ఇన్సూరెన్స్ కంపెనీలు సాధారణంగా రెండు దారులు చూపిస్తాయి. మొదటిది మినహాయింపు. ప్రీమియం మామూలుగానే ఉంటుంది, కానీ దూకుతూ ప్రాణం పోతే ఇంట్లోవాళ్లకు క్లెయిమ్ రాదు. గుండెపోటుకో, రోడ్డు ప్రమాదానికో అయితే వస్తుంది.

రెండోది అదనపు ప్రీమియం. బీమా మొత్తంలో ప్రతి వెయ్యికీ ఇంత అని ఏటా ఎక్కువ కట్టాలి. స్కైడైవింగ్ ప్రమాదానికీ కవర్ ఉంటుంది. ఏడాదికి ఎన్ని జంపులు, లైసెన్స్ ఉందా, వింగ్‌సూట్ (గాలిలో ఎగిరేందుకు రెక్కల్లాంటి బట్ట ఉన్న సూట్) వేస్తారా అని ఫారంలో అడిగేది ఈ లెక్క తేల్చడానికే. అక్కడ ‘లేదు’ అని టిక్ పెట్టి తప్పించుకుందామనుకుంటే మొత్తం క్లెయిమ్‌కే ఎసరు రావచ్చు.

మీ జీతం మీదే ఇల్లు నడుస్తుంటే నా ఓటు రెండోదానికే. దూకడం మానేశాక ఆ అదనపు భారం తీసేయమని అడగొచ్చు కూడా. ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి ఒక్కసారి టాండెమ్ దూకేవాళ్లకు సాధారణంగా ఇంత తతంగం ఉండదు.