చింతపండా, నిమ్మకాయా, వెనిగరా, వంటసోడానా: ఇల్లు శుభ్రం చేయడానికి ఏది మేలు?

సింకులో వంటసోడా చల్లి, దాని మీద వెనిగర్ పోసి, బుసబుసమని నురగ లేవగానే మురికి అంతా వదిలిపోయినట్టు చూపించే వీడియోలు ఫోనులో రోజూ కనిపిస్తాయి. నురగ నిజమే, మురికి వదలడమే అనుమానం. పులుపూ క్షారమూ కలిస్తే ఒకదాని బలాన్ని మరొకటి తినేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిపోతుంది, అడుగున సోడియం ఎసిటేట్ అనే ఒక లవణం కలిసిన నీళ్లు మిగులుతాయి. ఆ నీళ్లకు వెనిగర్ గుణమూ ఉండదు, సోడా గుణమూ ఉండదు. విడివిడిగా వాడి ఉంటే రెండు పనులు జరిగేవి.

అందుకే ఏది మేలు అని అడిగే ముందు, పోవలసినది ఏమిటో చూసుకోవాలి. ఇత్తడి మీది చిలుము, బోరు నీళ్లు వదిలే తెల్లటి పొర పులుపుకు లొంగుతాయి. నూనె జిడ్డు, మాడు క్షారానికి లొంగుతాయి. చింతపండు, నిమ్మ, వెనిగర్ ఒక వైపు, వంటసోడా మరో వైపు. కట్టెల పొయ్యి రోజుల్లో ఈ రెండో పని బూడిద చేసేది.

ఇత్తడి, రాగి సామాను విషయంలో నా ఓటు చింతపండుకే. నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం, చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రెండూ ఆ నల్లదనాన్ని కరిగిస్తాయి. కాస్త ఉప్పు కలిస్తే పని ఇంకా త్వరగా అవుతుంది. అసలు తేడా గుజ్జులో ఉంది. నిమ్మరసం చెంబు మీద నిలవకుండా జారిపోతుంది. చింతపండు గుజ్జు అంటుకుని ఉంటుంది, దాని పీచే తోమడానికీ పనికొస్తుంది. ఖర్చు చూసినా అంతే. పులుసుకు రసం తీశాక మిగిలే పిప్పిలో ఇంకా పులుపు ఉంటుంది, ఎలాగూ పారేసేదే కదా. దాన్ని ఒక డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో దాచుకుంటే పండగ ముందు పూజ సామానుకు వేరే ఏమీ కొననక్కర్లేదు. నిమ్మకాయ ధర వేసవిలో ఎలా ఎగబాకుతుందో తెలిసిందే. 2022 ఏప్రిల్‌లో ఒక్కో కాయ పది రూపాయలు పలికింది. పిండేసిన డిప్పను ఉప్పులో అద్ది రుద్దండి, బాగుంటుంది. చెంబు తోమడం కోసం కొత్త కాయ కోయడం మాత్రం దుబారా.

అయితే దీపారాధన కుందులకు నేరుగా చింతపండు పెడితే పని జరగదు. వాటి మీద చమురు, మసి కలిసిన జిడ్డు ఉంటుంది. పులుపు ఆ జిడ్డును దాటి లోహాన్ని తాకలేదు. ముందు శనగపిండితో చమురు తుడిచి, వేడినీళ్లలో కుంకుడు రసం కలిపి కడగాలి, ఆ తరువాతే చింతపండు. కుంకుడుకాయ పులుపుతోనో క్షారంతోనో పనిచేసేది కాదు. అందులోని సపోనిన్లు సబ్బులాగా జిడ్డును పట్టి లాగుతాయి. తోమిన సామాను బాగా కడిగి వెంటనే పొడిబట్టతో తుడవాలి. పులుపు, తడి మిగిలితే రెండు రోజుల్లో మళ్లీ పచ్చటి చిలుము పడుతుంది. లోపల కళాయి పూసిన గిన్నెలకు బయటివైపు మాత్రమే ఈ తోముడు. లోపల ఉప్పు పెట్టి రుద్దితే తగరం పూత అరుగుతుంది, పూత పోయిన గిన్నెలో చారు కాస్తే లోహం చారులోకి దిగుతుంది. షోకేసులో పెట్టే కొన్ని ఇత్తడి బొమ్మలకు లక్కర్ అనే పారదర్శకమైన పూత ఉంటుంది. వాటి మీద ఎంత చింతపండు రాసినా ఫలితం ఉండదు.

బోరు నీళ్ల ఇళ్లలో కుళాయిలు, షవర్ తెల్లగా పూసిపోతాయి. ఇక్కడ చింతపండు ఓడిపోతుంది. రంగు, పిప్పి, ఆ చెత్త కడగడం మరో పని. వెనిగర్‌లో తడిపిన గుడ్డను కుళాయికి చుట్టి అరగంట ఆగి రుద్దితే పొర వదులుతుంది. రాత్రంతా ఉంచకండి, మెరుగు పూత దెబ్బతింటుంది. నీళ్లు కాచే కెటిల్‌కు వెనిగర్, నీళ్లు సమంగా పోసి మరిగించి పారబోయవచ్చు. ఆ వాసన పడని వాళ్లకు నిమ్మ డిప్పలు వేసి మరిగించినా చాలు.

ఇలా వెనిగర్ రుచి మరిగిన చెయ్యి నేల మీదికీ వెళుతుంది, అసలు నష్టం అక్కడ జరుగుతుంది. కడప బండలు, బేతంచెర్ల రాళ్లు, తాండూరు బండలు అన్నీ సున్నపురాళ్లే. పాలరాయి కూడా ఆ జాతిదే. కుళాయి మీది పొరను కరిగించిన పులుపు ఈ బండలనూ అలాగే కరిగిస్తుంది. నునుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది, అది మళ్లీ పాలిష్ పట్టిస్తే గాని పోదు. పాత ఇళ్ల మొజాయిక్ గచ్చులోనూ పాలరాతి ముక్కలే ఉంటాయి. వీటికి గోరువెచ్చటి నీళ్లు, కొద్దిగా సబ్బు చాలు. వంటింటి గట్టు గ్రానైట్ అయితే అంత భయం లేదు, కడప రాయి అయితే నిమ్మరసం ఒలికిన వెంటనే తుడిచేయండి.

మాడిన స్టీలు గిన్నెకు వంటసోడాను మించినది లేదు. మాడు మునిగేలా నీళ్లు పోసి, రెండు చెంచాల సోడా వేసి పది నిమిషాలు మరిగించాలి. వేడికి వంటసోడాలో కొంత చాకలి సోడాగా మారుతుంది, దాని క్షారగుణం ఎక్కువ. అందుకే చల్లటి నీళ్లలో నానబెట్టడం కన్నా మరిగించడం మేలు. పొయ్యి చుట్టూ పట్టిన జిడ్డుకూ వేడినీళ్లు, సోడా సరిపోతాయి. అల్యూమినియం గిన్నెలకు మాత్రం సోడా పడదు, నల్లబడతాయి. వాటిలో చింతపండు నీళ్లు మరిగిస్తే నలుపు విరుగుతుంది.

వెండికి విభూతి వాడే అలవాటు మనకు ఉంది. విభూతి నల్ల పొరను గీకి తీస్తుంది, దానితో పాటు రవ్వంత వెండీ పోతుంది. గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, సోడా, ఉప్పు వేసి, వేడినీళ్లు పోసి, వెండి సామాను ఆ రేకుకు తగిలేలా ఉంచితే నలుపు తిరిగి వెండిగా మారుతుంది. ఈ పద్ధతే మంచిది. నగిషీ లోతుల్లో నలుపు కావాలనే ఉంచిన వస్తువులను, రాళ్లు పొదిగిన నగలను మాత్రం అందులో వేయకండి.

అన్నీ కొనలేం, ఒక్కటే చెప్పమంటే వంటసోడా పొట్లం చెబుతాను. చింతపండు పిప్పి ఎలాగూ ఉచితమే. బోరు నీళ్లు లేని ఇంటికి వెనిగర్ సీసా అవసరమే లేదు.

వీటిలో ఏదీ క్రిమిసంహారిణి కాదు. మరుగుదొడ్డిలో పసుపు పొరను వెనిగర్ తీస్తుంది గాని, రోగం వచ్చిన మనిషి వాడిన తరువాత బ్లీచింగ్ పౌడర్ వంటిది వాడక తప్పదు. ఆ పూట వెనిగర్‌ను, నిమ్మను, బాత్రూం యాసిడ్‌ను దాని దరికి రానివ్వకండి. బ్లీచింగ్‌కు పులుపు తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది. పొరపాటున కలిసి ఘాటు వాసన వస్తే కడగడానికి ప్రయత్నించకుండా వెంటనే బయటికి వచ్చేయండి. దారిలో అందిన కిటికీలు తెరిచి, గాలి పూర్తిగా మారేదాకా లోపలికి వెళ్లకండి.