హ్యూగో వెర్షన్లు మారినా సైటు ఫైళ్లు చెదరకుండా: ఏళ్లుగా వాడాక నా సమీక్ష

వెబ్‌సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ల మీద వచ్చే సమీక్షలు ఎక్కువగా మొదటి వారం వాడకంతోనే ముగిసిపోతాయి. ఇన్‌స్టాల్ చెయ్యడం తేలికేనా, థీములు బాగున్నాయా, ఎంత వేగంగా నడుస్తుంది, ఇవే. నేను చూసేది వేరు. ఎప్పుడో కట్టిన సైటుని ఇవాళ తెరిచి ఒక్క ఫోన్ నంబరు మార్చాలంటే ఏమవుతుంది? విశాఖలో చిన్న వ్యాపారాలకు సైట్లు చేసేవాళ్లకు రోజూ తగిలే ప్రశ్న ఇదే. మహారాణిపేటలో ల్యాబు, ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటరు, భీమిలి రోడ్డు మీద గెస్ట్‌హౌసు, వీళ్లెవరూ ఏటేటా సైటు మార్చుకోరు. సాఫ్ట్‌వేర్ మాత్రం ఆగకుండా మారుతూనే ఉంటుంది. ఆ తేడాను హ్యూగో ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

హ్యూగో పేరు విననివాళ్లకు రెండు ముక్కలు. 2013లో స్టీవ్ ఫ్రాన్సియా మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము ఇది, గో భాషలో రాశారు. మనం మామూలు టెక్స్ట్ ఫైళ్లలో విషయం రాసుకుంటే, టెంప్లేట్లతో, అంటే పేజీ రూపాన్ని చెప్పే అచ్చులతో కలిపి, బ్రౌజర్ చదివే హెచ్‌టీఎంఎల్ పేజీలుగా మార్చి ఇస్తుంది. ఇలా మార్చడాన్నే బిల్డ్ అంటారు. డేటాబేస్ ఉండదు. సర్వర్ మీద హ్యూగో నడవక్కర్లేదు, తయారైన పేజీలు ఎక్కిస్తే చాలు. ప్రోగ్రామంతా ఒకే ఒక్క ఫైలు.

నాకు అన్నిటికన్నా విలువగా అనిపించింది, బిల్డ్ చేసినప్పుడు అది మన రాతల జోలికి రాకపోవడం. ప్రాజెక్టు మొత్తాన్ని ఒకే ఫైల్లో దాచుకునే డిజైన్ సాఫ్ట్‌వేర్లలో చిక్కేమిటంటే, కొత్త వెర్షన్లో తెరిచి సేవ్ చేశాక పాతదాంట్లో తెరుచుకుంటుందన్న భరోసా ఉండదు. ఆ సాఫ్ట్‌వేరే ఆగిపోతే పని మరీ కష్టం. వెబ్‌సైట్ డిజైన్ సాఫ్ట్‌వేర్ అడోబీ మ్యూస్‌కి కొత్త సౌకర్యాలు చేర్చడం ఆపేస్తున్నట్టు 2018 మార్చిలో ప్రకటించారు, 2020 మార్చి 26తో సపోర్టు కూడా ముగిసింది. హ్యూగోలో అయితే కంటెంట్ ఫోల్డర్లో మీరు రాసినవి మీరు రాసినట్టే ఉంటాయి. బిల్డు ఫలితం పబ్లిక్ అనే ఫోల్డర్లోకి, చిన్నవి చేసిన బొమ్మలు, తయారుచేసిన సీఎస్‌ఎస్ (పేజీ రంగులు, అక్షరాల తీరు చెప్పే ఫైళ్లు) రిసోర్సెస్ అనే ఫోల్డర్లోకి వెళ్తాయి. ఈ రెండూ మళ్లీ పుట్టించుకోగలిగినవే. పబ్లిక్‌ని నేను గిట్‌లో, అంటే ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే సాధనంలో, పెట్టను.

ఈ సుగుణం ఉన్నా ఫైళ్లు సర్దుకునే పద్ధతి మనమే పెట్టుకోవాలి. హ్యూగోని కంప్యూటర్ మొత్తానికి ఒకటిగా ఇన్‌స్టాల్ చెయ్యొద్దని నా గట్టి సలహా. చాక్లెటీ, హోమ్‌బ్రూ లాంటి, ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ చేసిపెట్టే సాధనాలతో పెట్టుకుంటే, ఇంకేదో అప్‌డేట్ చేస్తుంటే ఇదీ మారిపోతుంది. లినక్స్‌లో స్నాప్ అయితే తనంతట తానే మార్చేస్తుంది. నా డిస్కులో ‘హ్యూగోలు’ అని ఒక ఫోల్డరు ఉంది. గిట్‌హబ్ నుంచి దించుకున్న ఒక్కో వెర్షన్‌ను దాని నంబరుతోనే పేరు పెట్టి అందులో ఉంచుతాను. ప్రతి సైటు ఫోల్డర్లోనూ చిన్న బ్యాచ్ ఫైలు (నొక్కితే అందులోని ఆదేశాలు నడిచే ఫైలు) ఒకటి ఉంటుంది. ఏ వెర్షన్‌తో బిల్డ్ చెయ్యాలో అందులోనే రాసి ఉంటుంది. మా దగ్గర పని నేర్చుకుంటున్న మధురవాడ కుర్రాడు మొదట్లో ప్రతిసారీ “అన్నా, దీనికి ఏ హ్యూగో?” అని అడిగేవాడు. ఇప్పుడు ఆ ఫైలు నొక్కి పని కానిచ్చేస్తాడు.

దించుకున్న హ్యూగో స్టాండర్డ్ రకమా, ఎక్స్‌టెండెడ్ రకమా అన్నది కూడా పేరులో రాసుకోండి. సాస్ అనే, సీఎస్‌ఎస్‌గా మారే భాషలో రాసిన స్టైల్స్‌ని హ్యూగోలో ఉన్న లిబ్‌సాస్ అనే కన్వర్టరుతో తయారుచెయ్యాలంటే ఎక్స్‌టెండెడే కావాలి. సైటు సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్లోని మాడ్యూల్ భాగంలో కనీస వెర్షన్, గరిష్ఠ వెర్షన్ రాసే సౌకర్యం ఉంది. సరిపోని హ్యూగోతో నడిపితే హెచ్చరిక వస్తుంది. ఇది తప్పకుండా వాడండి.

ఇంత జాగ్రత్త అవసరమా అంటే, వెర్షన్లతో పాటు ఏం మారాయో చూడండి. 2019 నవంబరులో వచ్చిన 0.60లో మార్క్‌డౌన్ (మనం విషయం రాసుకునే తేలిక గుర్తుల పద్ధతి) చదివే ఇంజిన్‌నే మార్చారు. బ్లాక్‌ఫ్రైడే పోయి గోల్డ్‌మార్క్ వచ్చింది. దాంతో వ్యాసం మధ్యలో నేరుగా రాసిన హెచ్‌టీఎంఎల్ పేజీలోకి రావడం ఆగింది. రావాలంటే కాన్ఫిగ్‌లో ‘అన్‌సేఫ్’ సెట్టింగు ఆన్ చెయ్యాలి. అంటే గూగుల్ మ్యాపు, యూట్యూబ్ వీడియో అతికించిన పాత పేజీలో ఆ చోటు ఖాళీగా ఉంటుంది, బిల్డ్ మాత్రం సజావుగా పూర్తవుతుంది. 0.110 నుంచి కాన్ఫిగ్ ఫైలుకి హ్యూగో అనే పేరు పెడుతున్నారు. పాత పేరూ పనిచేస్తుంది కాబట్టి దానితో ఇబ్బంది లేదు. 2025లో వచ్చిన 0.146 పెద్ద మార్పు, టెంప్లేట్ల అమరికే మారిపోయింది. డిఫాల్ట్ ఫోల్డరు తీసేసి అందులోవన్నీ టెంప్లేట్లుండే లేఅవుట్స్ ఫోల్డర్లో పైకి తెచ్చారు, పార్షియల్స్ (టెంప్లేట్లలో పదేపదే వాడే ముక్కలు), షార్ట్‌కోడ్స్ (వ్యాసంలో చిన్న పేరుతో పిలిచే ముక్కలు) ఫోల్డర్ల పేర్ల ముందు అండర్‌స్కోర్ చేరింది. పాత అమరికను చాలావరకు అర్థం చేసుకుంటుంది గానీ, లోతైన మార్పులు చేసుకున్న థీము ఉంటే ప్రతి పేజీ రకాన్నీ చూసుకోవాల్సిందే.

చూసుకోవడం అంటే కళ్లతో పేజీ పేజీ తిరగెయ్యడం కాదు. ఒకే సోర్సుని పాత హ్యూగోతో ఒక ఫోల్డర్లోకి, కొత్త హ్యూగోతో ఇంకో ఫోల్డర్లోకి బిల్డ్ చేస్తాను. డెస్టినేషన్ అనే ఆప్షన్ ఉన్నది అందుకే. తర్వాత రెండిటినీ ఫైళ్ల మధ్య తేడాలు చూపే విన్‌మెర్జ్‌లో పక్కపక్కన పెడతాను. హోం పేజీలో తేడా ఎలాగూ వస్తుంది, ఎందుకంటే హ్యూగో తన వెర్షన్ నంబరుని జనరేటర్ ట్యాగులో అక్కడ చేరుస్తుంది. దాన్ని వదిలెయ్యండి. సీఎస్‌ఎస్ ఫైలు పేరులో ఫింగర్‌ప్రింట్ (ఫైల్లోని విషయాన్ని బట్టి మారే గుర్తు) పెట్టుకున్నవాళ్లకు, స్టైల్‌లో ఒక్క అక్షరం మారినా ప్రతి పేజీలోనూ తేడా చూపిస్తుంది. అందుకని పోల్చేటప్పుడు ఫింగర్‌ప్రింట్, మినిఫై (ఖాళీలు తీసేసి ఫైలు కుదించడం) రెండూ ఆపి బిల్డ్ చెయ్యడం మంచిది. అప్పుడు మిగిలేవే అసలైన తేడాలు.

ఇక్కడ కొత్త ఫోల్డర్లోకే ఎందుకంటే, హ్యూగో బిల్డ్ చేసే ముందు పబ్లిక్‌ని ఖాళీ చెయ్యదు. కిందటేడాది తీసేసిన ఆఫరు పేజీ అందులోనే పడి ఉంటుంది, సర్వర్ మీదకీ వెళ్లిపోతుంది. వెర్షన్ మార్చిన ప్రతిసారీ పబ్లిక్‌ని తీసిపారేసి మొదలుపెట్టండి.

తెలుగు సైట్లకు ఇంకో సంగతి ఉంది, దీన్ని ఎవరూ సరిగ్గా చెప్పరు. ఫైళ్ల పేర్లు తెలుగులో పెట్టకండి. ‘విశాఖపట్నం’ అన్న పేరు చిరునామాలో కోడుగా మారితే 90 అక్షరాలవుతుంది, వాట్సాప్‌లో పంపిస్తే చూసేవాళ్లు ఇదేదో మోసం లింకు అనుకుంటారు. ‘వైజాగ్’ పరిస్థితి మరీ చిత్రం. అందులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయొచ్చు, రెండు సంకేతాలుగానూ రాయొచ్చు. మ్యాక్‌లోని పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అనే ఫైళ్ల నిల్వ పద్ధతి దాన్ని విడదీసి దాచుకుంటుంది, విండోస్ మనం ఇచ్చింది ఇచ్చినట్టు ఉంచుతుంది. తెర మీద రెండూ ఒకటే, కంప్యూటరుకి వేరు వేరు ఫైళ్లు. ఇక హ్యూగో కాన్ఫిగ్‌లో చిరునామాల నుంచి యాక్సెంట్లు (అక్షరాలకు తగిలించే గుర్తులు) తీసేసే సెట్టింగు ఒకటుంది. యూరప్ భాషల సైటు నుంచి కాన్ఫిగ్ కాపీ చేసుకుని అది ఆన్‌లో ఉండిపోతే గుడి, దీర్ఘం, పొల్లు రాలిపోయి ‘వశఖపటనం’ మిగులుతుంది. ఫైలు పేరు ఇంగ్లిషులో, శీర్షిక తెలుగులో ఉంచితే ఈ బాధలేవీ ఉండవు.

థీము ఫోల్డర్లో ఒక్క అక్షరం కూడా మార్చొద్దు. మార్చాల్సిన టెంప్లేటుని అదే దారిలో సైటు లేఅవుట్స్‌లోకి కాపీ చేసి అక్కడ మార్చుకుంటే హ్యూగో దాన్నే తీసుకుంటుంది. థీము పాతదైనా కొత్తదైనా మన మార్పులు మన దగ్గరే ఉంటాయి.

నచ్చనివి కూడా ఉన్నాయి. అధికారిక డాక్యుమెంటేషన్ ఎప్పుడూ తాజా వెర్షన్‌కే ఉంటుంది. పాత హ్యూగో మీద ఉన్న సైటుకి సాయం వెతికితే అందులో అప్పటికి పుట్టని ఫంక్షన్ల గురించి చెబుతుంది. అందుకే ఒక్కో సైటులో ‘మార్పులు’ అని టెక్స్ట్ ఫైలు ఒకటి పెట్టుకుని, ఏ వెర్షన్‌కి ఎందుకు మారామో రాస్తాను. ఇన్నేళ్లయినా వెర్షన్ నంబరు సున్నాతోనే మొదలవుతుంది, చిన్న నంబరు మారినా పెద్ద మార్పు ఉండొచ్చు. తీసేయబోయే సౌకర్యాల గురించి మొదట సమాచారంగా, తర్వాత హెచ్చరికగా, చివరికి ఎర్రర్‌గా చెబుతారు. అది న్యాయమైన పద్ధతే. కానీ ఆ మొదటి సమాచారం లాగ్ స్థాయి (బిల్డ్ చేసేటప్పుడు చూపే సందేశాల వివరం) పెంచితే తప్ప కనబడదు.

పాత వెర్షన్ మీద ఉండిపోవడం ప్రమాదం కదా అని అడిగేవాళ్లుంటారు. సర్వర్ మీద నడిచే వర్డ్‌ప్రెస్ లాంటివాటికి ఆ భయం నిజమైనది, వాటిని అప్‌డేట్ చేసి తీరాలి. హ్యూగో మన కంప్యూటర్లోనే పని ముగించేస్తుంది, సందర్శకుడికి చేరేది పేజీ మాత్రమే. కాబట్టి తొందర లేదు. క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్, నెట్లిఫై లాంటి హోస్టింగ్ సేవల్లో బిల్డ్ చేయించేవాళ్లు మాత్రం హ్యూగో వెర్షన్ అనే వేరియబుల్‌లో నంబరు రాసి కట్టెయ్యండి, లేకపోతే ఇంట్లో ఒక వెర్షన్, అక్కడ ఒక వెర్షన్ నడుస్తాయి.

నిల్వ గురించీ చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటాక ఊళ్లో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. ఈ ఊళ్లో పనిచేసేవాళ్లు సోర్సు కాపీ ఊరి బయట ఒకటి ఉంచుకోవాలి. ఆ కాపీలో సైటుతో పాటు దాని హ్యూగో ఫైలూ ఉండాలి. చిన్నదే, పెద్ద చోటు పట్టదు.

ఇప్పుడు నా సైట్లు కొన్ని 0.146 తర్వాతి అమరికకి మారాయి. కోచింగ్ సెంటరుది ఇంకా పాతదాని మీదే ఉంది. అడ్మిషన్ల హడావుడి నడిచే మే, జూన్‌లలో దాన్ని ముట్టుకోను. ఆగస్టులో రెండు ఫోల్డర్లూ పోల్చి చూసి మారుస్తాను.